జవాబూ, తీరికా

మా కాలేజీలో బి.యస్సీ. చదివే కుర్రవాడొకడు ఈమధ్య నాదగ్గరకు వచ్చి, తాను చేసిన పని తప్పో ఒప్పో చెప్పమన్నాడు. అతను గణిత విద్యార్థి, నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. "లెక్కలో తప్పయితే మా సారునే అడిగేవాణ్ణి సార్. ఇది లెక్కలో తప్పు కాదు" అన్నాడు.

విషయం ఏమంటే, 2020 మార్చిలో కరోనా మూలంగా బళ్లు మూతపడ్డప్పుడు మా విద్యార్థులు కొందరు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న తరగతుల పిల్లలకు రాత్రిపూట ఫోనులో లెక్కలు చెప్పటం మొదలుపెట్టారు. తరవాత బళ్లు తెరిచారు. మొదలుపెట్టినవాళ్ళు చదువులు ముగించి వెళ్ళిపోయారు. పని మాత్రం ఆగలేదు. ఒక జట్టు వెళితే మరొక జట్టు అందుకుంటున్నది. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. ఈ కుర్రవాడి దగ్గర ఆరుగురు పిల్లలు లెక్కలు చెప్పించుకుంటున్నారు. వారిలో ఒక అమ్మాయి ఎనిమిదో తరగతి. తల్లీ తండ్రీ బెంగళూరులో బేల్దారి పనికి వెళ్ళారు. అమ్మాయి అవ్వ దగ్గర వుంటుంది. ఇంట్లో వున్న ఒక్క ఫోనూ తల్లిదండ్రులు పిల్లతో మాట్లాడటానికి వదిలిపెట్టి వెళ్ళింది. వాళ్ళు పని దిగి వచ్చి, పొయ్యి ముట్టించి, రాత్రి ఎనిమిదింటికి మాట్లాడతారు. ఆ మాటలు అయిన తరవాతనే లెక్కలు.

ఒక రాత్రి తొమ్మిది దాటిన తరవాత ఆ అమ్మాయి నాలుగు లెక్కలు ఫోటో తీసి పంపి, "అన్నా, ఆన్సర్లు పెట్టు, రేపు బడిలో చూపియ్యాల" అని రాసింది. ఇతను, "ఆన్సర్లు పెట్టను. నువ్వు చేసినంతవరకు చేసి ఫోటో పెట్టు, ఎక్కడ ఆగిపోయావో చూద్దాం" అని జవాబిచ్చాడు. అవతలనుంచి ఏమీ రాలేదు. మూడు రోజులు అమ్మాయి పాఠానికే రాలేదు.

నేను వెంటనే, "సరిగ్గానే చేశావు. జవాబులు అందిస్తే ఆ పిల్లకు ఏం వస్తుంది?" అన్నాను. ఉపాధ్యాయుడైన వాడెవడయినా ఇదే అంటాడు. కుర్రవాడి ముఖం తేటపడలేదు. కాసేపు వుండి, "ఆ పిల్లను రెండు పీరియడ్లు బయట నిలబెట్టినారు సార్. రెండోది లెక్కల పీరియడే" అన్నాడు.

సూత్రం ఇతనిది, నిలబడిన కాళ్ళు ఆ పిల్లవి. నేను ఇచ్చిన ధ్రువపత్రం వెనక్కు తీసుకోవలసి వచ్చింది. అతనికి ఆనాడు చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ చెప్పటానికి ప్రయత్నిస్తాను.

మొదట, అతని సూత్రంలో వున్న బలం చూడాలి. అది ఎవరో చెప్పగా నేర్చుకున్నది కాదు, అనుభవంలోనుంచి వచ్చింది. ఈ అమ్మాయే కొన్ని నెలలకిందట 1/2కు 1/3 కలిపి 2/5 అని వేసింది. పై అంకెకు పై అంకె, కింది అంకెకు కింది అంకె కలిపింది. ఇది కొత్త తప్పు కాదు, పిల్లలు తరతరాలుగా చేస్తున్న తప్పే. మేష్టరు ఎర్రసిరాతో అడ్డగీత గీసి 5/6 అని రాస్తాడు. పిల్ల దాన్ని ఎక్కించుకుని, తరవాతి లెక్కలో మళ్ళీ పాతపద్ధతిలోనే కలుపుతుంది. ఇతను అడ్డగీత గీయటానికి ముందు, "ఎందుకట్లా కలిపినావు?" అని అడిగాడు. మొదటి రాత్రి జవాబు లేదు. రెండో రాత్రి కూడా లేదు. మూడో రాత్రి పిల్ల చెప్పింది: "రెండు మార్కుల ప్రశ్నకు ఒకటి వచ్చింది, మూడు మార్కుల ప్రశ్నకు ఒకటి వచ్చింది. అయిదుకు రెండే కదన్నా!"

ఈ మాట విని నేను ఆశ్చర్యపోయాను. ఆ పిల్ల బుద్ధిలేక తప్పు చెయ్యలేదు. బడి తనకు రోజూ చూపిస్తున్న ఒక కూడికను, మార్కుల కూడికను, చక్కగా నేర్చుకుని దాన్ని మరొకచోట వాడింది. అక్కడ అది నిజంగా ఒప్పే. ఇతను ఆమెను ఒప్పించటానికి, "సగం రొట్టె మీద ఇంకో ముక్క పెడితే సగంకన్న తక్కువవుతుందా?" అని అడిగాడు. 2/5 అంటే సగంకన్న తక్కువ. పిల్ల నవ్విందట. నవ్వి వూరుకోక, "మరి మార్కులు?" అని ఎదురు అడిగింది. అసలు ప్రశ్న అది. రొట్టెలో సగమూ, మూడోవంతూ ఒకే రొట్టెవి. మార్కుల్లో రెండుకు ఒకటీ, మూడుకు ఒకటీ వేరువేరు మొత్తాలవి. ఏ మొత్తంలో సగం అని అడగనిదే సగం అన్న మాటకు అర్థం లేదు. ముప్ఫయి అయిదేళ్ళు వచ్చినదాకా భిన్నాలు కలుపుతూ కూడా నాకు ఈ సంగతి తట్టలేదని ఒప్పుకోవటానికి సిగ్గుపడను. నాకెవరూ మూడు రాత్రులు ఇవ్వలేదు.

ఇక్కడ బడిపంతుల్ని ఆడిపోసుకోవటం సులువు. నలభై అయిదు నిమిషాల పీరియడు, ఎదురుగా నలభై మంది పిల్లలు. తలకు ఒక నిమిషం చిల్లర. ఒక నిమిషంలో ఎర్రగీత గీయవచ్చునుగాని, ఎందుకట్లా కలిపావని అడిగి మూడు రోజులు కనిపెట్టుకుని వుండటం సాధ్యం కాదు.

ఫోనులో చెప్పటంలో ఒక చిక్కు వుంది, అది తాత్త్వికంగా కూడా ఆలోచించదగింది. బడిలో అయితే మేష్టరు పిల్లల వెనక నిలబడి చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ కొట్టివేసిందో చూడగలడు. ఫోనులో వచ్చేది పూర్తయిన పేజీ ఫోటో. జవాబు కనిపిస్తుంది, దాని వెనక శ్రమ కనిపించదు. సరుకు బజారులోకి వచ్చాక దాన్ని చేసిన మనిషి మాయమవుతాడని మార్క్సు చెప్పినమాట మనం పరీక్షల్లో రాస్తాం. ఎనిమిదో తరగతి పిల్ల నోటుపుస్తకం విషయంలో కూడా అదే జరుగుతుందని గుర్తించం. ఫోటోలో 5/6 అని వుంటే అది పిల్ల చేసిందో, పక్కపిల్లను చూసి రాసిందో, యంత్రం చెప్పిందో పోల్చుకోవటానికి వీలులేదు. మూడూ ఒకే తీరుగా వుంటాయి.

ఇతను దీనికొక ఉపాయం కనిపెట్టాడు. అమ్మాయి ఎప్పుడూ కెమేరా తియ్యదు. ఇల్లు కనిపిస్తుంది, మంచంమీద పడుకున్న అవ్వ కనిపిస్తుంది, అది ఆమెకు ఇష్టం లేదు. ఇతను ముఖం చూపించమని పట్టుపట్టలేదు. ఫోనును బియ్యం డబ్బా మీద అంచుకు పెట్టి, కెమేరా కిందికి వుండేటట్టు చెయ్యమన్నాడు. ఇప్పుడు ఇల్లు కనిపించదు, నోటుపుస్తకమూ, దానిమీద కదిలే చెయ్యీ కనిపిస్తాయి. ఇంటి మర్యాదా దక్కింది, పనీ కంటపడింది. బోధనాశాస్త్రం మీద వచ్చిన పెద్ద పుస్తకాల్లో ఇంతకు మించిన సూక్ష్మం అరుదుగా వుంటుంది.

ఇటువంటివాడు జవాబులు పెట్టననటంలో ఆశ్చర్యం లేదు. అతని వెనక చాలా పాత సంప్రదాయం కూడా వుంది. జవాబు చెప్పగూడదు, అవతలివాడిచేత కనిపెట్టించాలి అనే సిద్ధాంతానికి మూలపురుషుడుగా సోక్రటీసును చెబుతారు. ప్లేటో రాసిన 'మెనో' సంవాదంలో, సోక్రటీసు మెనో బానిసల్లో ఒక కుర్రవాణ్ణి పిలిపించి, అతనిచేత ఒక క్షేత్రగణిత సమస్య చేయిస్తాడు. రెండడుగుల భుజం గల చతురస్రం వైశాల్యం నాలుగు. దానికి రెట్టింపు, అంటే ఎనిమిది, వైశాల్యం కావాలంటే భుజం ఎంత వుండాలి? కుర్రవాడు భుజం రెట్టింపు చేసి నాలుగు అంటాడు; అది పదహారవుతుంది. మూడు అంటాడు, అది తొమ్మిదవుతుంది. అప్పుడు తెలియదని ఒప్పుకుంటాడు. చివరకు పాత చతురస్రం కర్ణాన్నే కొత్తదానికి భుజంగా తీసుకుంటే సరిపోతుందని తేలుతుంది. నేనేమీ నేర్పలేదు, ప్రశ్నలు మాత్రమే వేశాను, జ్ఞానం అతని ఆత్మలోనే వున్నది అంటాడు సోక్రటీసు.

ఆత్మ సంగతి అట్లా వుంచుదాం. ఆ కుర్రవాడు చాలాచోట్ల అవునూ, కాదూ తప్ప పలకడనీ, కర్ణం గీసి చూపింది సోక్రటీసేననీ చదివినవాళ్ళకు తెలుసు. నాకు కొట్టవచ్చినట్టు కనిపించేవి వేరే రెండు విషయాలు. యజమానికి వున్న బుద్ధే బానిసకూ వున్నదని ఆ సభలో అందరి కళ్ళముందూ రుజువయింది. అయితే దానిమీద ఏం చెయ్యాలని ఎవరూ అడగలేదు. కుర్రవాడి పేరయినా మనకు తెలియదు. రుజువు ముగిసింది, అతని అవసరం తీరింది, పెద్దల సంభాషణ సాగిపోయింది. రెండోది, సోక్రటీసుకు తొందర లేదు. కుర్రవాడు పదహారు దగ్గర పడి, తొమ్మిది దగ్గర మళ్ళీ పడి, తెలియదనేదాకా ఆయన నిలిచి చూడగలిగాడు. ఏథెన్సు పౌరుల కా తీరిక ఎక్కడిది? ఆ కుర్రవాడి వంటివాళ్ళు చాకిరీ చెయ్యగా మిగిలిన తీరిక. ఆ మధ్యాహ్నానికి కుర్రవాడికి కూడా కాస్త తీరిక దొరికింది. అతని కాలం అతనిది కాదు గనక, యజమాని పిలిస్తే వచ్చి నిలబడ్డాడు. మర్నాటికి నోటుపుస్తకం చూపకపోతే ఎవరూ అతన్ని బయట నిలబెట్టరు.

తనంతట తాను తెలుసుకోవాలనే నీతికి తీరిక ఆధారం. తీరిక వున్నవాళ్ళు దాన్ని కనిపెట్టారు, వాళ్ళ విషయంలో అది నిజం కూడా. రాత్రి తొమ్మిదింటికి, అవ్వకు అన్నం పెట్టి, గిన్నెలు తోమి, అమ్మతో మాట్లాడి, ఛార్జి అయిపోవచ్చిన ఫోనుతో నాలుగు లెక్కలు పెట్టుకుని కూచున్న పిల్లకు అదే నీతిని అప్పగిస్తే, మనం ఆమె బుద్ధిని గౌరవించామని అనుకుంటున్నా, చేసింది ఆమె బతుకును లెక్కలోకి తీసుకోకపోవటం. సూత్రం సరయినదే కావచ్చు, వేళ సరయినది కాదు. నీతికి వేళాపాళా ఏమిటని అడిగే పెద్దలున్నారు. వాళ్ళకు సాధారణంగా పనిమనుషులుంటారు.

కుర్రవాడు ఇంకొక మాట అడిగాడు. నేను ఇన్నాళ్ళూ ఆలోచించింది ఎక్కువగా ఆ మాటనుగురించే. "జవాబే కావాలంటే ఆ పిల్లకు ఫోనులోనే దొరుకుతుంది కదా సార్, నన్నెందుకు అడిగింది?" నిజమే. లెక్కను ఫోటో తీస్తే మెట్లతో సహా జవాబు చూపే ఫోటోమ్యాత్ 2014లోనే వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మాటల్లో అడిగినా చాలు. జవాబు అనే సరుకు ధర సున్నాకు దిగిపోయింది. అయినా ఆ పిల్ల యంత్రాన్ని కాదని అన్నను అడిగింది. యంత్రాన్ని అడగటం చేతకాక అనుకోను. పిల్లలకు అటువంటివి మనకన్న బాగా తెలుసు. అన్న తన తప్పు కూడికలోనుంచి మార్కుల సంగతి బయటికి తీసినవాడు గనక అడిగింది. జవాబులు ఎక్కడయినా దొరికే రోజుల్లో జవాబు నిరాకరిస్తే, నిరాకరించింది జవాబును కాదు. అతను ఆ రాత్రికి తనను తానే నిరాకరించుకున్నాడు. పిల్ల మూడు రోజులు రాకపోవటానికి కారణం ఇదేనని నా అనుమానం.

వ్యాఖ్యానం కూడా జవాబులాగే చవకయింది. సల్మాన్ ఖాన్ (సినిమా ఆయన కాదు) 2004లో బోస్టన్‌లో వుద్యోగం చేస్తూ, న్యూ ఆర్లియన్స్‌లో వుండే పన్నెండేళ్ళ చుట్టాల అమ్మాయికి ఫోనులోనూ కంప్యూటరులోనూ లెక్కలు చెప్పాడు. ఆ అమ్మాయికి కొలతల మార్పిడి కొరుకుడు పడలేదు. తరవాత మరికొందరు చుట్టాల పిల్లలు చేరారు. 2006లో పాఠాలు వీడియోలు చేసి పెట్టాడు, 2008లో ఖాన్ అకాడమీ ఏర్పడింది. వీడియోలవల్ల లక్షలాది పిల్లలకు మేలు జరిగిందని కాదనను; మా కుర్రవాడు కూడా వాటిని చూసే కలనగణితంలో గట్టెక్కాడు. కాని వీడియో చెబుతుంది, వినదు. మరి మార్కులు? అని అడిగితే దానికి పట్టదు. ఆ ఖానే 2020లో, మనుషులు మనుషులకు చిన్నచిన్న గుంపుల్లో ఉచితంగా చెప్పుకునేందుకు స్కూల్‌హౌస్ అనే సంస్థను పెట్టటం గమనించదగింది. చెప్పటం ఎన్ని కోట్లసార్లయినా అచ్చువెయ్యవచ్చు. వినటం మాత్రం ఒకరికి ఒకరు కూచుని చెయ్యవలసిందే. పంచినకొద్దీ పెరిగేది విద్య అని చిన్నప్పుడు చదువుకున్నాం. విద్య పెరుగుతుంది, పంచేవాడి రాత్రి తరిగిపోతుంది.

వ్యాపారం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, పాఠకులకు తెలిసిందే. కాలం డబ్బయిన చోట నిదానం నష్టం. కోచింగు కేంద్రాలు వేగాన్ని అమ్ముతాయి. ఫోనులో లెక్కలు అమ్మి 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టించుకున్న బైజూస్ 2024 జూలైలో దివాలా విచారణకు వచ్చింది. అది మునిగినందుకు సంతోషించవలసిన పనిలేదు. మూడు రాత్రుల మౌనాన్ని భరించటం ఏ కంపెనీ జమాఖర్చుల్లోనూ ఇమడదనేదే నాకు కావలసిన సంగతి.

అయితే డబ్బు లేనంతమాత్రాన అంతా పవిత్రమైపోదు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతి మనకు ఫోనుతో వచ్చింది కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పెద్దగా వచ్చిన ఆండ్రూ బెల్, దేశీయ బళ్ళలో పిల్లలు ఇసుకమీద అక్షరాలు దిద్దటం చూసి, ఆ తీరులో చెప్పటానికి పంతుళ్ళు ఒప్పుకోకపోతే పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించాడు. దాన్నిగురించి 1797లో లండనులో పుస్తకం అచ్చువేశాడు. అది మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండంతా పాకింది. మన ప్రాంతానికి ఇంకా దగ్గర సాక్ష్యం వుంది. 1822లో మన్రో బళ్ళ లెక్కలు తియ్యమని ఉత్తరువిస్తే, బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతంలో చాలా భాగం అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. అది విడిపోయింది 1882లో. తెలుగు వ్యాకరణం రాసిన కాంబెల్ ఈయనే. జిల్లాలో 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు వున్నారని రాశాడు. చదివిన పిల్లలు చదవని పిల్లలకు చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దాన్ని అనుకరించటం సబబేనన్నాడు. పిల్లలు వల్లించే పద్యాలు చదివేవాడికీ తెలియవు, చదివించేవాడికీ తెలియవు అని కూడా అన్నాడు. ఈ మాట తెలుగు మేష్టర్లకు ఇంకా తగులుతూనే వుంది. బళ్ళు క్షీణించటానికి కారణం దేశం బీదపడిపోవటమేనని ఒక కలెక్టరు రాశాడంటే అది చిన్న విషయం కాదు.

ఇంగ్లండులో ఈ పద్ధతి ఎందుకు నచ్చింది? పిల్లలమీద ప్రేమతో కాదు. ఒక పంతులు జీతంతో వందలమందికి చదువయిపోతుంది గనక. ఆ బెల్లే తరవాత ఏమన్నాడో చూడండి: బీదల పిల్లలకు ఖర్చుతో కూడిన చదువు అక్కరలేదు, అందరికీ రాయటమూ లెక్కలూ నేర్పటం కూడా అక్కరలేదు, వాళ్ళు తమ స్థితికి మించి ఎదిగిపోయే ప్రమాదం వుంది. పిల్లలు పిల్లలకు చెప్పగలరని కనిపెట్టినవాడికే బీదపిల్లలకు లెక్కలు వస్తాయేమోనని భయం వేసింది. అంచేత పద్ధతి ఎంత మంచిదయినా, దాన్ని ఎవరు ఎందుకు వాడుకుంటున్నారనేది వేరే అడగవలసిన ప్రశ్న.

ఈ కారణంచేతనే మన మిత్రులు కొందరు ఈ ఫోను పాఠాలను సంస్కరణవాదం అంటారు. 2002లో రాజ్యాంగంలో చేర్చిన హక్కు, 2009లో చట్టమయిన హక్కు, మీ కుర్రవాళ్ళ దయాదాక్షిణ్యంగా మారిపోతున్నది, ఖాళీగా వున్న పంతుళ్ళ వుద్యోగాలు నింపకుండా ప్రభుత్వం చేతులు దులుపుకోవటానికి మీరు సాకు అవుతున్నారు అంటారు. ఇందులో నిజం వుంది. ఒక విషయం మాత్రం నాకు బోధపడదు. వుద్యోగాలు నింపినదాకా, విప్లవం వచ్చినదాకా, భిన్నాలు ఆగుతాయా? ఆ పిల్ల మళ్ళీ ఎనిమిదో తరగతిలో వుండదు. వెనకటి తరంలో రాత్రిబళ్ళు పెట్టి కూలీలకు చదువు చెప్పిన కార్యకర్తలు అది పోరాటానికి ప్రత్యామ్నాయమని అనుకోలేదు, పోరాటం ముగిసినదాకా అక్షరాలు ఆగాలనీ అనుకోలేదు. వుద్యోగాలు నింపమని ధర్నాకు వెళ్ళే కుర్రవాడే రాత్రి తొమ్మిదింటికి ఫోను పట్టుకుంటే, అడ్డు ఏమిటి? పైగా మూడు రాత్రులు ఒక పిల్లకు చెప్పినవాడికి, నలభై మందికి ఒక పంతులు చాలడని ఇంకొకరు వుపన్యసించి చెప్పనక్కరలేదు.

వైగోట్స్కీ 1934లో చనిపోయేముందు చెప్పినదాన్ని మనవాళ్ళు తరుచు వుదాహరిస్తారు: పిల్లవాడు ఒంటరిగా చెయ్యగలిగిందే వాడి శక్తి అనుకోగూడదు, ఇవాళ పెద్దవాళ్ళ సాయంతో చేసింది రేపు తానే చేస్తాడు. దీన్ని మా కుర్రవాడి సమస్యకు అన్వయిస్తే, జవాబివ్వటమా, నిరాకరించటమా అనే ప్రశ్నే సరిగా వెయ్యలేదని తెలుస్తుంది. ఇచ్చేవాడూ, బిగబట్టేవాడూ ఇద్దరూ జవాబు తన గాదెలో ధాన్యమనే అనుకుంటున్నారు. ఒకడు దాత, మరొకడు మితవ్యయం బోధించే కామందు. ఆ రాత్రి అతను ఏం చేసి వుండవచ్చు? ఒక లెక్క తాను చేసి చూపవచ్చు. రెండోది కలిసి చెయ్యవచ్చు. ఫోనులో ఛార్జి అయిపోతే మిగిలిన రెంటికీ జవాబులు పెట్టి, "ఇవి అప్పు. రేపు రాత్రి కూచుని తీర్చుకుందాం" అనవచ్చు. అది అవినీతి అనేవాళ్ళుంటే వుండనివ్వండి. పిల్లను మర్నాడు లెక్కల పీరియడులో గోడకు ఇవతల వుంచటంకన్న అది నీతిగానే కనిపిస్తుంది. ఇవ్వవలసింది జవాబు కాదు, తీరిక. ఆ రాత్రికి జవాబు ఇవ్వటంవల్ల మర్నాటి రాత్రి తీరిక దొరికేటట్టయితే, ఇవ్వటమే సబబు. ఇస్తే మర్నాడు పిల్ల రాదేమో! రాకపోవచ్చు. నమ్మకంలో నష్టానికి ఎప్పుడూ చోటుంటుంది. ఆ నష్టం భరించవలసింది చెప్పేవాడు, చెప్పించుకునేది కాదు.

తీసుకోవటం గురించి కూడా ఒక మాట. అవ్వ, సంక్రాంతికి వెళుతున్న ఎవరిచేతనో కుర్రవాడికి సంచెడు శెనక్కాయలు పంపింది. ఇతను తీసుకోకూడదేమోనని రెండు రోజులు అట్లాగే వుంచాడట. ఉచితంగా చెబుతున్నానన్న గర్వం ఎక్కడో వుండి వుండాలి. మన పురాణాల్లో గురుదక్షిణ పేర బొటనవేలు పోగొట్టుకున్నవాడున్నాడు. ఆయన్ను దూరవిద్యకు ఆద్యుడని పొగిడే పెద్దలు వేలు సంగతి ఎత్తరు. ఆ జ్ఞాపకంతో మనం తీసుకోవటమంటేనే భయపడుతున్నాం. కాని ఎప్పుడూ ఇస్తూ, ఎన్నడూ తీసుకోనివాడు అవతలివాణ్ణి శాశ్వతంగా బిచ్చగాణ్ణి చేస్తాడు. శెనక్కాయలు తినమన్నాను. నాకూ గుప్పెడు పెట్టాడు.

నాలుగో రోజు అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఇతను క్షమించమని అడగటానికి మాటలు కూడగట్టుకుంటూ వుంటే, ఆమె ముందే అందుకుంది: "ఆ మూడూ మర్నాడు పక్కింటి పిల్లను చూసి రాసినా అన్నా. నాలుగోది దానికీ రాదు." బియ్యం డబ్బా మీద ఫోను సర్దిన చప్పుడు వినిపించింది. నాలుగో లెక్క మూడు పంపులు తొట్టి నింపే లెక్క, ఒకటి నీళ్ళు బయటికి వదిలేది. ఇద్దరూ కూచున్నారు. తొట్టి ఏ మొత్తం అని పిల్ల అడిగింది. ఒకటి అనుకోమన్నాడు. ఒకటి ఎందుకు, పన్నెండు బిందెలు అనుకుంటే కాదా అన్నది. అతను కాసేపు మాట్లాడలేదు. ఆ మధ్యలో అమ్మ ఫోను చేసింది. ఆ రోజు పని ఆలస్యంగా దిగారట.